నక్షత్రములకు పంపిన నమస్కారము



భూమికి ఆవల బుద్ధిజీవులు కలరా? ఈ ప్రశ్న ధర్మసభకు తగునా అని మాలో కొందరు సందేహించిరి. లోకము అంతము గలదా, లేనిదా అని మాలుంక్యపుత్తుడు పట్టుబట్టినప్పుడు భగవానుడు బదులీయలేదు. విషబాణము తగిలినవాడు, బాణమేసినది ఎవరో తెలియువరకు చికిత్స వలదనుట అవివేకమని బోధించెను. అట్లయిన ఈ విచారణ మనకేల?

ఆలోచింపగా మాకు తోచినది ఇది. భగవానుడు వారించినది తెలిసికొనుటను కాదు. తెలియువరకు దుఃఖనివారణను వాయిదా వేయుటను. వేయి చంద్రులు, వేయి సూర్యులు గల లోకధాతువును సైతము చిన్నదిగా ఎంచిన ధర్మము మనది. ఆకాశమును చూచి అది జంకదు.

1960లో ఫ్రాంక్ డ్రేక్ అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ వద్ద రేడియో దూరదర్శినిని టౌ సెటీ, ఎప్సిలాన్ ఎరిడాని అను రెండు నక్షత్రముల వైపు త్రిప్పి ఆలకించెను. వాని నుండి సందేశమేదియు రాలేదు. నేటివరకును రూఢియైన పిలుపు ఒక్కటియు అందలేదు. అయినను ఆలకించుట ఆగలేదు.

1977లో బయలుదేరిన రెండు వాయేజర్ నౌకలలో బంగారు పూతగల రాగి పలకలను అమర్చిరి. వానిపై 55 భాషలలో పలకరింపులు కలవు. అందు తెలుగు కలదు. బెంగాలీ, ఒడియా, హిందీ కలవు. మన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారముపై నిత్యము వినిపించు భాషలే అవి! వాయేజర్ 1 నౌక 2012లో నక్షత్రాంతర ప్రదేశమును చేరినది. వినువారెవరో ఎరుగకయే మానవుడు నమస్కరించినాడు. మన పొరుగుననున్న తామ్రలిప్తిలో రెండేండ్లు నివసించి, సూత్రములను వ్రాసికొని ఓడనెక్కిన ఫాహియాన్ కూడ, తన ప్రతులను ఏ తరమువారు చదువుదురో ఎరుగడు గదా!

అయితే ఒక మాట మనస్సును కలచుచున్నది. రైలు పనులకై తెలుగు సీమ వీడి వచ్చిన మన పెద్దలలో కొందరిని కుళాయి వద్ద కులమడిగి నిలిపిన దినములు ఉండెనని విన్నాము. ఎదుట నిలిచిన మనిషిలో బుద్ధిజీవిని గుర్తింపని కన్ను, ఎన్నడో ఎదురగు పరలోకవాసిని గుర్తించునా? 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబు అంబేద్కరు లక్షలాది ప్రజలతో ధర్మమును స్వీకరించినది ఈ గుర్తింపు కొరకే. ఆ నాగపూరును మన ఊరిని కలిపినది ఒకే రైలు మార్గము.

కావున మా విన్నపములు రెండు. ప్రతి పున్నమినాడు పిల్లలను ఆరుబయట కూర్చుండబెట్టి నక్షత్రములను చూపుడు, ప్రశ్నలను వారింపకుడు. ఆ పిమ్మట కనబడు ప్రాణులకు, కనబడని ప్రాణులకు, దగ్గరివారికి, దూరపువారికి మైత్రిని భావింపుడు. ఆ మైత్రిని ప్రక్క క్వార్టరు గుమ్మము నుండి మొదలుపెట్టుడు.

భవతు సబ్బ మంగళం.