గడీలో నీళ్ళు తోడిందెవరు?



పాతకాలపు కథ సినిమాగా వస్తే మన కళ్ళు ముందు నగల మీదికీ, చీరల మీదికీ పోతాయి. "అబ్బ, ఎంత వైభవం!" అనుకుంటాం. ఆ వైభవం సాగడానికి తెల్లారకముందే లేచి నీళ్ళు తోడిందెవరు, అంట్లు తోమిందెవరు అని మాత్రం అడగం. ఇంగ్లండు వాళ్ళ "డౌన్‌టన్ ఆబీ" సీరియల్ కొంత నయం. మేడమీది దొరలతో పాటు కింద వంటింట్లోని నౌకర్లనూ చూపించింది. కాని అక్కడ దొరలు మరీ దయగలవాళ్ళు!

మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు వాళ్ళకు గడీ అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. 1988లో బి. నర్సింగరావు గారు తీసిన "దాసి" ఆ గడీనే చూపింది, కాని దాసి వైపు నుంచి. దొరసానికి అరణంగా వచ్చిన ఆడపిల్ల కమలాక్షి. పగలంతా చాకిరీ, రాత్రి దొర పిలుపు. కడుపొస్తే అదీ తీయించుకోవాల్సిందే. తన ఒంటి మీద కూడా తనకు హక్కు లేదన్నమాట. ఆ పాత్ర వేసిన అర్చనకు జాతీయ బహుమతి వచ్చింది. కళాదర్శకత్వానికి మన కరీంనగర్ జిల్లా చిత్రకారుడు తోట వైకుంఠం గారికి వచ్చింది. దుస్తులకు కూడా వచ్చింది! పట్టుచీరల జిగేలు లేకుండానే ఆ కాలం కళ్ళకు కట్టిందంటే చూడండి.

ఇక 2022లో వచ్చిన "ఆర్‌ఆర్‌ఆర్" మనందరం చూసిందే. గోండు పిల్లను తెల్లదొరసాని ఎత్తుకుపోతుంది, కన్నతల్లి ముందు నాణేలు విసిరేస్తారు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. తెల్లవాళ్ళ అహంకారం నిజమే. అయితే అది కల్పిత కథ. ఆదిలాబాద్ అడవి అప్పట్లో నిజాం రాజ్యంలోది. పోడు కొట్టుకోనివ్వంది, పశువుల మేతకు పన్ను అడిగింది నిజాం సర్కారు జంగ్లాత్ వాళ్ళు. 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీమును చంపింది నిజాం పోలీసులు. పిల్లలు సినిమా చూసి "అన్యాయం చేసినవాళ్ళంతా సముద్రం దాటి వచ్చినవాళ్ళే" అనుకుంటే, మన మధ్య జరిగిన అన్యాయం వాళ్ళ కంట పడదు. తెల్లవాణ్ణి తిట్టడం సులువు. మన గడీని మనం చూసుకోవడమే కష్టం.

అందుకని సినిమా చూసేటప్పుడు దొరసాని వెనక విసనకర్ర పట్టుకుని నిలబడ్డ మనిషిని కూడా చూడండి. ఆమెకు పేరుందా, మాటుందా? ఆమె రాత్రి ఎక్కడ పడుకుంటుంది? పిల్లలను అడగండి, వాళ్ళు చక్కగా ఆలోచిస్తారు.

ఆ తరవాత మన ఇంటి వైపూ ఒకసారి చూద్దాం. పనిచేసే అమ్మాయికి విడిగా పెట్టిన గ్లాసు ఇంకా గూట్లో ఉందా? ఉంటే తీసేద్దాం. ఆమె చాయ్ కూడా మన కప్పుల్లోనే పోద్దాం. గడీలు కూలిపోయినా ఆ గ్లాసు మిగిలితే, గడీ మన వంటింట్లో ఉన్నట్టే కదమ్మా!

సెలవు.