ఆకును నింపు కుట్టు

కుట్టుపనిని కంటితో చూచి నేర్చుకొనవలెనే గాని, చెవితో విని నేర్చుకొనుట సాధ్యమా యని మీరు అడుగవచ్చును. అందువలన మీనుండి ఒక చిన్న సాయము కోరుచున్నాము. గుమ్మమునకు కట్టిన తోరణమునుండి ఒక మామిడి యాకును తెచ్చి చేత పట్టుకొనుడు. నడుమ పెద్ద ఈనె యున్నది. దానినుండి ఇరుప్రక్కలకు సన్నని ఈనెలు కొనవైపునకు ఏటవాలుగా సాగుచున్నవి. ఈ పోకడనే దారముతో దించునది ఫిష్‌బోన్ కుట్టు. చేపముల్లును పోలియుండుటచే దానికి ఆ పేరు కలిగినది.

ఆకును శాటిన్ కుట్టుతో నింపరాదా? చిన్న ఆకైనచో నింపవచ్చును. వెడల్పైన ఆకునందు దారము ఒక అంచునుండి మరియొక అంచువరకు వదులుగా పరచుకొని గాజులకు తగులుకొనును. ఫిష్‌బోన్ కుట్టులో దారము నడిమివరకే వచ్చి, అచ్చట ఎదుటిదారము క్రింద అణగి, గట్టిగా నిలుచును.

అంగుళము పొడవుగల ఆకును, నడిమిగీతతో సహా, పెన్సిలుతో గీసికొనుడు. బట్టను చట్రమున బిగింపుడు. 6 పోగుల దారమునుండి 2 పోగులు తీసికొనిన చాలును. సూదిని ఆకుకొనయందు పైకి తీసి, నడిమిగీతపై పావు అంగుళము క్రిందికి దింపుడు. పిదప కొనకు ఆనుకొని ఎడమ అంచున పైకి తీసి, మొదటికుట్టు ముగిసినచోట గీతను వెండ్రుకవాసి దాటించి కుడివైపున దింపుడు. మరల కుడి అంచున తీసి, అట్లే గీతను దాటించి ఎడమవైపున దింపుడు. ఇట్లు మార్చి మార్చి కుట్టుచు పోవలెను. నడిమిగీత ముగిసినను అంచులు కొంత మిగులును. ఆ కడపటి కుట్లనన్నిటిని కాడ మొదటనే దింపవలెను.

మేము దీనిని నేర్చినది మా మేనత్తగారి వద్ద. దృష్టి మందగించుటచే ఆమె కుట్టుచున్న దిండుగలీబు నడుమనే ఆగిపోయినది. మిగిలిన 7 ఆకులను మాకు అప్పగించిరి. మూడవ ఆకు వచ్చునప్పటికి మా కుట్లు వాలు తప్పి నిచ్చెనమెట్లవలె అడ్డముగా పడినవి. ఆమెకు కనబడదు గదా యని తలచి, గలీబును అట్లే చేతికిచ్చితిమి. ఆమె వ్రేలితో ఒక్కొక్క ఆకును నిమురుచు మూడవదాని కడ ఆగి, "ఇక్కడ తొందరపడ్డావే అమ్మాయీ, ఈనె పోయింది" అనిరి.

ఈ కుట్టున దారములు నడుమ ఒకదానిపై నొకటి పడి చిన్నగట్టువలె లేచును. అది వ్రేలికి తెలియును. మాకు ఆ సంగతి తెలియదు. సిగ్గుపడి ఆ ఆకును విప్పితిమి. నడుమ దించు సూది అంచున లేచు సూదికంటె ఎల్లప్పుడు ముందుండవలెననియు, అంచు దానిని అందుకొన్నచో వాలు చెడుననియు అప్పుడు ఆమె బోధించిరి. తిరిగి కుట్టిన ఆకును నిమిరి ఏమియు అనలేదు. నాలుగవదాని మీదికి వ్రేలు జరిపిరి. మాకు అదియే మెప్పు.

మీరును ఆకు ముగించిన పిమ్మట కనులు మూసికొని నిమిరి చూడుడు. నడుమ ఈనె వ్రేలికి తగిలినచో కుట్టు కుదిరినట్లే.