పరువు బరువు మోసిన అక్కచెల్లెళ్లు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నచ్చిన పుస్తకం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. నేను ఎంచుకున్నది జపాన్ రచయిత జునిచిరో తనిజాకి నవల. 1957లో 'ది మకియోకా సిస్టర్స్' అనే పేరుతో ఇంగ్లీషులోకి వచ్చింది. జపనీస్‌లో 1943లో ఒక పత్రికలో మొదలైతే, యుద్ధకాలంలో ఆడవాళ్ల కథలేమిటని అధికారులు ఆపించారు. 1948 నాటికి గాని పూర్తి కాలేదు.

మకియోకాలు ఒసాకాలో పేరున్న వ్యాపార కుటుంబం. కథ మొదలయ్యే 1936 నాటికి తండ్రి లేడు, దుకాణం చేతులు మారింది. మిగిలింది ఇంటి పేరు. నలుగురు అక్కచెల్లెళ్లలో పెద్దవాళ్లు త్సురుకో, సచికోలకు పెళ్లిళ్లయ్యాయి. మూడో అమ్మాయి యుకికోకి ముప్పై ఏళ్లొచ్చినా సంబంధం కుదరలేదు. ఆమె పెళ్లయితే గాని చిన్నమ్మాయి తయెకోకి చెయ్యరు.

అంతకు కొన్నేళ్ల ముందు తయెకో ప్రేమించినవాడితో ఇల్లు వదిలి వెళ్లింది. పెద్దలు వెనక్కి తీసుకొచ్చారు. కానీ ఒక పత్రిక ఆ వార్త వేసింది, అదీ పొరపాటున యుకికో పేరుతో! వార్త తప్పని ప్రకటించమని పెద్ద బావ పట్టుబట్టాడు. పత్రికవాళ్లు పేరు సరిదిద్ది, తయెకో పేరుతో మళ్లీ వేశారు. మరిచిపోయినవాళ్లకి కూడా గుర్తు చేసినట్టయింది. ఏ తప్పూ చెయ్యని యుకికోకి మచ్చ పూర్తిగా పోలేదు, తయెకో మనసూ విరిగింది.

ఈ నవలలో దుర్మార్గులు లేరు. రెండో అక్క సచికోకి చెల్లెళ్లంటే ప్రాణం. అయినా తయెకో గర్భవతి అయినప్పుడు, యుకికో సంబంధం చెడకూడదని, ఎవరి కంటా పడకుండా వేరే ఊరికి పంపింది. పుట్టిన బిడ్డ దక్కలేదు. చివరికి యుకికోకి గొప్ప సంబంధమే కుదిరింది. కానీ పరువు నిలబెట్టడానికి ఆ ఇల్లు ఖర్చు పెట్టింది ఆడపిల్లల్నే. అదీ ప్రేమతోనే. నన్ను కలవరపెట్టింది ఆ ప్రేమే.

ఎందుకంటే ఇది నేను మన బడిలో చూశాను. నా పక్కన కూర్చునే అమ్మాయి తొమ్మిదో తరగతి మధ్యలో మానేసింది. వాళ్లక్క తనకి నచ్చినవాణ్ణి చేసుకుంది, చెల్లెలు గడప దాటకుండా పోయింది. లెక్కల్లో మా అందరికన్నా ముందుండేది. వాళ్లింటి వైపు వెళ్లొద్దని మా అమ్మ చెప్పింది. నేను వెళ్లలేదు. వాళ్ల నాన్నగారు చెడ్డవారు కాదు, మా అమ్మా కాదు. అందరం నలుగురి మాటకి భయపడ్డాం. ఆ నలుగురిలో మేమూ ఉన్నామని అప్పుడు తెలియలేదు.

ఈ సభకి పిలుపులు పదో తరగతి పాసైనవాళ్ల జాబితా చూసి పంపారు. అందులో ఆమె లేదు. సంఘానికి నా మనవి ఒక్కటే. అడ్మిషన్ రిజిస్టరు తీయించండి, మధ్యలో మానేసినవాళ్లనీ పూర్వ విద్యార్థులుగా రాసుకోండి. ఆమె ఇంటికి పిలుపు తీసుకెళ్లే పని నాకు అప్పగించండి. చాలా ఆలస్యమైంది, అయినా వెళ్తాను.

సెలవు.