లేదని వ్రాయుటకు ముందు



 చిరకాలముగా నన్ను వెంటాడుచున్న ఒక చిన్న మాటను గూర్చి మీకు మనవి చేసికొందును. ఆ మాట ‘లేదు’ అనునది.

అడవినుండి మనము తెచ్చు ప్రతి పట్టికయందును పక్షి పేరు ప్రక్కను, కప్ప పేరు ప్రక్కను రెండే మాటలుండును: ఉన్నది, లేదు. మొదటిదానిని వ్రాయునపుడు సంతోషము కలుగును గనుక సరిచూచుకొందుము. రెండవదానిని వ్రాయునాటికి అలసియుందుము గనుక త్వరపడుదుము. పెద్దయడవి విషయమున ఈ త్వరపాటును మరియొకరు దిద్దవచ్చును గాని, నాలుగు ప్రక్కల తోటలును చేలును క్రమ్ముకొనగా నడుమ మిగిలిన అడవితునుక విషయమున దిద్దుబాటునకు వ్యవధి యుండదు. ఏమియు లేదని మనము వ్రాసియిచ్చిన తునుకకు గొడ్డలిని ఆపు మాట మరి యెవరును చెప్పజాలరు.

తొలకరి జాగు చేసిన యొక యేట, జ్యేష్ఠము సగము గడచిన పిమ్మట, విశాఖమన్యమున చింతపల్లికిని లంబసింగికిని నడుమ, కాఫీతోటలకును పోడుచేలకును మధ్య మిగిలిన యొక తునుకలో మూడు రాత్రులు గెడ్డ వెంట నడచితిని. ఆకులు కాలిక్రింద అప్పడములవలె విరుగుచుండెను. చెట్టుకప్ప సవ్వడి యొక్కటియు వినరాలేదు. నాల్గవనాటి ఉదయమున బండమీద కూర్చుండి పట్టిక నింపుచుండగా, నాకు దారి చూప వచ్చిన వృద్ధుడు వంగి చూచి, “ఏటి రాస్తన్నావు బాబూ?” అని యడిగెను. “ఇక్కడ చెట్టుకప్ప లేదని రాస్తున్నాను తాతా” అంటిని. ఆయన నా ముఖమువంక కొంతసేపు చూచి, “ఉరుము పడందే అదెలా పలుకుతాది బాబూ?” అనెను. ఆయన మాటపై మరి రెండు రాత్రులు నిలిచితిని. రెండవరాత్రి వాన కురిసి వెలిసిన గడియకు, మోకాలియెత్తు పొదలలోనుండి, రెండు గులకరాళ్ళను తాకించినట్టి చప్పుడు మొదట ఒకచోటను, పిదప పదిచోటులను పుట్టినది. అడుగు వేసినచో ఆగును. నిలిచినచో మరల సాగును. దీపమార్పి, చెవియొగ్గి, చప్పుడు వచ్చు దిక్కును రెండు తావులనుండి గురుతు పెట్టుకొని, తిరిగి దీపము వెలిగించితిని. బొటనవ్రేలి గోరంత ప్రాణి, కుంకుడునురుగు బుడగవలె గొంతు నుబ్బించి, తడియాకు అంచున కూర్చుండి యుండెను. నేను మూడు రాత్రులు దాని ప్రక్కనుండియే నడచి పోయియుందును.

దీనిని లెక్కలోనికి దింపి చూడుడు. ఒక తునుకలో నిజముగానున్న కప్ప, మనము పోయిన పది పర్యాయములలో మూడుమార్లు మాత్రమే చెవినిబడు స్వభావము గలదనుకొందము. అట్టిదానిని వరుసగా మూడు పర్యాయములును వినలేకపోవుటకు నూటికి 34 పాళ్ళ అవకాశమున్నది. ఆరుమార్లు పోయినను ఇంచుమించు 12 పాళ్ళు మిగిలియుండును. నూటికి అయిదింటికి లోపుగా దించవలెనన్న తొమ్మిది పర్యాయములు పోవలెను. మనలో ఎందరము ఒక్క గెడ్డకు ఒక్క ఋతువులో తొమ్మిదిమార్లు పోయితిమి?

‘ఉన్నది’ అను మాటయు అంత నమ్మదగినది కాదు. బ్రెజిల్ దేశమున మనౌస్ నగరమునకు ఉత్తరముగా 1979లో థామస్ లవ్‌జాయ్ ప్రారంభించిన పరిశోధనను మీలో పెక్కురెరుగుదురు. పశువుల బీళ్ళకై అడవి నరకుచున్న భూస్వాములను ఒప్పించి 1, 10, 100 హెక్టారుల చదరములను నిలిపి, నరకుటకు పూర్వమును పిదపను సన్నని వలలు కట్టి, చిక్కిన పక్షుల కాళ్ళకు కడియములు తొడిగి విడిచిరి. చుట్టునున్న అడవి నేలగూలిన తొలిదినములలో ఆ వలలలో పక్షులు తగ్గలేదు, పెరిగినవి. ఇల్లు కాలినవారు ప్రక్కయింటి అరుగుమీద చేరినట్లు, నిలువనీడ లేని పక్షులన్నియు ఆ తునుకలలో దూరినవి. ఆ వారములలో లెక్కించి మరలినవాడు అడవి కళకళలాడుచున్నదని వ్రాసియుండును. కొలదికాలమునకే ఆ సంఖ్యలు పడిపోయినవి. దండుచీమలు బారులుతీరి సాగునపుడు బెదరి పైకెగయు పురుగులను తిని బ్రతుకు పక్షులు, ఒక్క దండుతో కడుపు నిండక పలుదండుల వెంట తిరుగవలసినవి గావున, చిన్న తునుకలనుండి మొదటనే మాయమైనవి. 80 మీటర్ల వెలుతురుబయలును దాటుటకైనను ఒప్పని పక్షులు ఆ నీడలలో పెక్కు కలవు.

కప్పల కథ వేరు. ఆ తునుకలలో కప్పజాతుల సంఖ్య అంతగా తగ్గలేదు. బీళ్ళలోని కప్పలు వచ్చిచేరుటచే కొన్నియెడల పెరిగినది కూడ. ఐనను అచట కొన్ని కప్పలు పెకరీలను అడవిపందులు పొర్లాడి చేసిన బురదగుంటలలోనే గ్రుడ్లు పెట్టును. చిన్న తునుకలో పందులమంద నిలువదు. పందులు పోయిన గుంటలు పూడును. గుంటలు పూడినచో ఆ కప్పలకు సంతానము లేదు. కప్పలను గాపాడవలెనని పోయినవాడు పందుల అడుగుజాడలు వెదకవలసివచ్చుట నాకు మిక్కిలి హృద్యముగా తోచును. పక్షికి విస్తీర్ణము కొలతయైనచో కప్పకు తడి కొలత. బెంగుళూరున కప్పలనధ్యయనము చేసిన సి. ఆర్. నారాయణరావుగారి పేర వెలసిన రావోర్చెస్టిస్ ప్రజాతి కప్పలు నీటితో పనిలేక ఆకులమీదను, రాలుటాకుల క్రిందను, కొన్నియైతే వెదురుకణుపులలోపలను గ్రుడ్లు పెట్టును. తోకకప్ప దశ నీటిలో గడువక, గ్రుడ్డులోనుండియే చిరుకప్ప వెలువడును. అడవియంచున ఎండయు గాలియు చొరబడి రాలుటాకులు ఎండినచో, చెరువు నిండియున్నను వానికి మేలు లేదు. వానలు రానపుడు రోకలికి కప్పను గట్టి ఇంటింట నీళ్ళు పోయించుకొనుచు కప్పతల్లియాడిన మన పల్లెలవారికి కప్పకును తడికిని గల చుట్టరికమును వేరుగా చెప్పనక్కరలేదు.

మన తూర్పుకనుమల తడియడవులే ఒక విధమున ద్వీపములు. తూర్పుహిమాలయపు దిగువలనుండి ఆగ్నేయాసియా వరకు నివసించు ఆబట్ బాబ్లర్ అను పొదలపక్షి, నడుమ ఎంతయో దూరము విడిచి, మన విశాఖకనుమలలో ఒంటరిగా నిలిచియున్నది. దానిని ప్రత్యేకమైన ఉపజాతిగా 1985లో వర్ణించిన రిప్లే, బీలర్ పండితులు, విశాఖపట్టణపు ప్రకృతిశాస్త్రజ్ఞుడు కె. ఎస్. ఆర్. కృష్ణరాజుగారి పేర దానికి కృష్ణరాజుయి అని నామకరణము చేసిరి. ఒక తెలుగువాని పేరు మోయుచున్న ఆ పక్షి గెడ్డప్రక్క పొదను విడిచి బయటికి వచ్చునది కాదు. పొద కొట్టి శుభ్రపరచిన తోటలో పై చెట్లన్నియు నిలిచియున్నను దానికి ఇల్లు లేదు.

కావున సంరక్షణ మనగా పెద్ద అభయారణ్యముల సరిహద్దులు గీయుట మాత్రమే కాదు. ఆనమలై కొండలలో వాల్పారై పీఠభూమిమీద, సుమారు 220 చదరపు కిలోమీటర్ల తేయాకు కాఫీతోటల నడుమ చెదరియున్న వానయడవి తునుకలను, తోటల యజమానుల సమ్మతితో, అచటి దేశవాళీ మొక్కలనే నారుపోసి నాటి, రెండు దశాబ్దములకు పైగా పునరుద్ధరించుచున్నారు. మన మన్యమున కాఫీకి సిల్వర్ ఓక్ నీడ చాలునను తలంపు నాటుకొన్నది. దానితోడ పాతనాటి పనస, నేరేడు, మఱ్ఱి నిలుపుకొన్న రైతు తోటలో నేను విన్న ఉదయములు వేరు. అతనికి గిట్టుబాటగు ధర లేనిదే ఆ చెట్లు నిలువవని కూడ ఈ సభ గ్రహింపవలెను. గెడ్డకు ఇరుప్రక్కల కొంత పొదను కొట్టక విడుచుట, రాలుటాకులను ఊడ్చి తగులబెట్టకుండుట, తునుకకును తునుకకును నడుమ చెట్లవరుస నిలుపుట, ఇవి ఆజ్ఞలతో గాక ఆ యూరివారితో కూర్చుండి మాటలాడుటవలన జరుగు పనులు. ఆ మాటలకు మన పట్టిక వారి భాషలో, వారు పిలుచు పేళ్ళతో ఉండవలెను.

ఈ రెండు దినములలో పత్రములు చదువనున్న మిత్రులకు ఒక్క ప్రార్థన. మీ పట్టికలో ‘లేదు’ అను మాటయున్న ప్రతిచోటను, ఎన్ని రాత్రులు వింటిరి, వానపడి ఎన్ని గడియలైనది, తోడుగా విన్నవారెవరు అను మూడు సంగతులను నోటితోనైనను చెప్పుడు. నా పాత పట్టికను ద్వారముకడ బల్లమీద ఉంచితిని. వానకు సిరా కొంత కరిగినది గాని, పదునేడవ వరుసలో కొట్టివేసిన మాటను, దాని ప్రక్క ఆ తాత చెప్పగా వ్రాసికొన్న తేదీని ఇప్పటికిని చదువవచ్చును.