కొలువు చింత – గృహస్థుని కర్తవ్యము
(నేతపనివారి కులసంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఏటేట ఈ వేదికమీద విద్యను గూర్చియు, వివాహసంస్కరణమును గూర్చియు, మగ్గమునకు రావలసిన ప్రభుత్వసహాయమును గూర్చియు పెద్దలు ఉపన్యసించుచున్నారు. ఈ యేడు మాకు నియమించిన విషయము వేఱు. కొలువు నిలుచునో నిలువదో, నెల గడచునో గడవదో యను చింత మన యిండ్లలో చాల కాలముగా కాపురముండుచున్నది. దానిని గూర్చి బాహాటముగా మాటలాడువారు మాత్రము తక్కువ. పరువు పోవునను శంకచేత భర్త భార్యతో చెప్పడు. తండ్రి బిడ్డలతో చెప్పడు. పట్టణములో కొలువు పోయిన కుమారుడు ఊరిలోని తలిదండ్రులతో చెప్పడు. ఉన్న కష్టమునకు మౌనము తోడై రెట్టింపగుచున్నది. ఆ మౌనమును ఇంటిలో గృహస్థుడును, ఊరిలో సంఘమును ఎట్లు విడువవలయునో తమకు మనవి చేయదలచితిమి.

జీవనమునకు నిలకడ లేకుండుట మన కులమునకు క్రొత్త కాదు. నూలు ధర పెరిగినప్పుడును, మిల్లుబట్ట వచ్చినప్పుడును, వానకాలమున మగ్గపుగుంటలో నీరు నిలిచినప్పుడును మన తాతలు పస్తులుండిరి. పనికై మనవారు షోలాపురమునకును, భీవండికిని, సూరతునకును వలసపోయిరి. 2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌన్ విధింపబడినప్పుడు దుకాణములు మూతపడి, నేసిన చీరలు నేసినచోటనే యుండిపోయినవి. సిరిసిల్లలోను, ధర్మవరములోను అప్పులబాధకు తాళలేక ప్రాణములు తీసికొన్న నేతపనివారి వార్తలను మనమందఱమును చదివియున్నాము.

ఇవి చూచియే మన తల్లులు మగ్గమును నమ్ముకొనవద్దని బిడ్డలను బడికి పంపిరి. బిడ్డలు చదివిరి, హైదరాబాదులోను, బెంగుళూరులోను సాఫ్ట్‌వేర్ కొలువులలో చేరిరి, కొందఱు సముద్రములు దాటిరి. ఇక భయము తీరినదని యూపిరి పీల్చుకొంటిమి. అయితే 2022 చివరినుండి ప్రపంచమందలి పెద్ద కంపెనీలు ఉద్యోగులను వేలకొలది తొలగించుచు రాగా, ఒక్క ఈమెయిలుతో కొలువు పోవుటయు గలదని తెలిసివచ్చినది. సర్కారు కార్యాలయములలో సైతము ఒప్పందముమీద పనిచేయువారు ఏటేట గడువు పొడిగింపుకై యెదురుచూచుచున్నారు. మగ్గము మారినది గాని గుండెదడ మారలేదు.

ధనచింత మనస్సునకేమి చేయునో పరీక్షించి చూచినవారు గలరు. తమిళనాడులోని చెఱకు రైతులకు పైకము ఏటికొకసారి, పంట అమ్మినప్పుడు చేతికి వచ్చును. పరిశోధకులు 464 మంది రైతులకు పంటకు ముందును, తరువాతను బుద్ధిపరీక్షలు పెట్టి, ఆ ఫలితములను 2013లో ప్రకటించిరి. చేయి ఆడని దినములలో ఆ రైతులే తక్కువగాను, పైకము వచ్చిన తరువాత ఎక్కువగాను నెగ్గిరి. మనిషి తెలివి ఆ నాలుగు నెలలలో తరిగి పెరుగలేదు. చింత దానిని ఆక్రమించుకొన్నది. కావున అప్పులలోనున్నవాడు పొరపాటు బేరము చేసినచో వానిని తెలివితక్కువవాడని నిందింపరాదు. చింత తలకెక్కకముందే, మనస్సు నెమ్మదిగానున్న దినములలోనే, ఇంటి యేర్పాటులు చేసికొనవలయును.

మఱియొక యుదాహరణము మన వృత్తికి దగ్గఱది. ఆస్ట్రియా దేశమున వియన్నా నగరమునకు చేరువ మరియెంతాల్ అను గ్రామము గలదు. ఆ యూరంతయు ఒక బట్టలమిల్లుమీద బ్రదుకుచుండెను. 1929, 1930 సంవత్సరములలో మిల్లు మూతపడినది. మేరీ యహోడా మొదలగు పండితులు అచ్చటి జనులను పరిశీలించి 1933లో గ్రంథమును ప్రకటించిరి. పని లేనప్పుడు తీరిక దొరకును గదా, జనులు గ్రంథాలయమునకు ఎక్కువగా పోయియుందురని తోచును. రుసుము తీసివేసినను పుస్తకములు తీసికొనుట తగ్గిపోయినది. మగవారు వీధిలో నెమ్మదిగా, మాటిమాటికి ఆగుచు నడచిరి. ఇంటిపని యున్న స్త్రీలు మాత్రము వేగముగా నడచిరి. కొలువు పోయినవానికి జీతముతోపాటు దినచర్యయు, నలుగురి సహవాసమును, తాను పనికివచ్చువాడనను నమ్మకమును పోవునని దీనివలన తెలియుచున్నది. వానికి ధనసహాయము ఎంత యవసరమో, ఉదయమున లేచి పోవుటకొక పనియు, పలుకరించు మనిషియు అంత యవసరము.

ఇక గృహస్థుడు చేయదగినవి చెప్పుదుము. మొదటిది లెక్క. ఒక యింటికి నెలకు 60,000 రూపాయలు వచ్చుననుకొందము. అద్దె 14,000; తిండి 12,000; బడి ఫీజు 6,000; ఊరిలోని పెద్దలకు 5,000; మందులు, కరెంటు, ప్రయాణము 6,000; కారునకును, ఫోనులకును వాయిదాలు 12,000. మొత్తము 55,000, మిగులు 5,000. కొలువు పోయినచో ఆరు నెలలు ఇల్లు గడుచుటకు 3,30,000 కావలయును. నెలకు 5,000 చొప్పున అది కూడుటకు 66 నెలలు, అనగా ఐదున్నర యేండ్లు పట్టును. వాయిదాలు లేనియెడల ఆ యింటికి నెలకు 43,000 చాలును. ఆరు నెలలకు 2,58,000. మిగులు 17,000 అగును గనుక ఆ మొత్తము 16 నెలలలో కూడును. జీతము మారలేదు, వాయిదాలు తొలగుటచేతనే ఐదున్నర యేండ్ల పని 16 నెలల పనియైనది. ఈ లెక్కను భార్యాభర్తలు కలసి, ఎదిగిన బిడ్డలను గూర్చుండబెట్టుకొని వ్రాయవలయును. రాత్రి నిదురపట్టనీయని భయము కాగితముమీద అంకెగా మారినప్పుడు దానికొక హద్దు ఏర్పడును.

రెండవది పొదుపు. చేతికి వచ్చిన పైకములో మిగిలినది దాతుమనువారికి ఏమియు మిగులదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము పోచంపల్లియందు ప్రారంభించిన ‘నేతన్నకు చేయూత’ పథకములో చేనేతపనివాడు తన కూలిలో నూటికి 8 వంతులు జమకట్టగా, ప్రభుత్వము 16 వంతులు కలుపునట్లు ఏర్పాటు చేసిరి. కూలి ఖర్చుపెట్టకముందే కొంత వేఱుపడుటయే అందలి కీలకము. జీతగాండ్రు సైతము జీతము పడిన దినముననే కొంత భాగము వేఱొక ఖాతాకు పోవునట్లు బ్యాంకువారికి వ్రాసియిచ్చుట మేలు. ఆ పైకమును అధికవడ్డీ ఆశజూపు ప్రైవేటు కంపెనీలలో పెట్టరాదు. బ్యాంకు డిపాజిట్టునకు 2020 నుండి ఒక్కొక్క బ్యాంకులో ఐదు లక్షలవఱకు భీమా గలదు; చీటీల పేర ఊరిలో తిరుగువాని మాటకు అట్టి భీమా లేదు.

మూడవది అప్పు. నూటికి మూడు రూపాయల వడ్డీ యనగా చెవికి చిన్నదిగా వినబడును. లక్షకు నెలకు 3,000, ఏడాదికి 36,000. ఏడాది కట్టినను అసలు లక్షయు అట్లే నిలిచియుండును. ఇంటిలో బంగారముండగా ఇట్టి అప్పు చేయుటకంటె ఆ నగను బ్యాంకులో కుదువబెట్టుట నయము. ఆ నగ ఇల్లాలిది గనుక ఆమె యిష్టపడి యియ్యవలయును గాని తెలియకుండ తీసికొనిపోరాదు. ఫోనులలో నిమిషముమీద అప్పిచ్చి, పిమ్మట బంధువులకెల్ల దూషణసందేశములు పంపువారి జోలికి పోనేపోరాదు. మొగమోటముచేత ఇతరుల అప్పునకు హామీసంతకము చేయువాడు ఆ యప్పును తనదిగానే లెక్కవ్రాసికొనవలయును.

నాలుగవది భీమా. 2022 జూన్ నుండి ఏడాదికి 436 రూపాయలు కట్టినచో ప్రధానమంత్రి జీవనజ్యోతి భీమాక్రింద రెండు లక్షలును, 20 రూపాయలు కట్టినచో సురక్షాభీమాక్రింద ప్రమాదమరణమునకు రెండు లక్షలును కుటుంబమునకు ముట్టునట్లు ఏర్పాటు గలదు. మగ్గము నేయు వానికిని ఇవి భారము కావు. మన యిండ్లలో ఎందఱు ఈ రెండును కట్టుచున్నారో ప్రతి గ్రామశాఖయు ఈ యేడు పట్టిక వ్రాసి చూడవలయునని కోరుచున్నాము.

వివాహముల మాట చెప్పక తీఱదు. ఇరువదియేండ్ల పొదుపు మూడు దినములలో విందునకును, పందిరికిని, వీడియోలకును వ్యయమగుట మనమెఱుగనిది కాదు. దానిని కోరునది బంధువుల నోరే. ఆ నోరు మనదే. కలిగినవారు తమ యింటి పెండ్లిని తగ్గించి చేసినగాని లేనివారికి తగ్గించి చేయు ధైర్యము కలుగదు. ఈ సభలో ముందువరుసనున్న పెద్దలే మొదట త్రోవజూపవలయును.

ఇంతవఱకు చెప్పినది గృహస్థుని పని. సంఘము పని యింకొకటి గలదు. జర్మనీలో రైఫైసెన్ అను నాతడు 1864లో హెడ్డెస్‌డార్ఫ్ గ్రామమున పరపతిసంఘమును స్థాపించెను. ఒకరినొకరు ఎఱిగినవారు ఒకరికొకరు పూచీపడుట అందలి సూత్రము. మన మద్రాసు రాజధానిలో ఫ్రెడరిక్ నికల్సన్ ఈ పద్ధతిని పరిశీలించి 1895లోను, 1897లోను నివేదికలు వ్రాసెను. పిమ్మట 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. ఎఱిగినవారి మధ్య పూచీ యను ఆస్తి మనకు లేకపోలేదు. ఈ మందిరము నిండ నున్నది.

కావున మహాసభవారికి ఒక తీర్మానమును సూచించుచున్నాము. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టముక్రింద ఒక ఆపన్నసహాయ నిధిని నమోదు చేయింపవలయును. ప్రతి సంపాదనపరుడును ఏడాదికి ఒక దినపు జీతమునో కూలినో అందు జమకట్టవలయును. కొలువు పోయినవారికిని, మగ్గము నిలిచినవారికిని మూడు నెలల అద్దెకును, బిడ్డల ఫీజునకును చాలినంత మొత్తమును వడ్డీలేకుండ ఇచ్చి, పని దొరికిన పిమ్మట కొంచెము కొంచెముగా రాబట్టవలయును. ముగ్గురు సభ్యులు, వారిలో ఒకరు తప్పక స్త్రీ, అర్జీలు చూడవలయును. దాతల పేర్లు ఏటేట ఈ సంచికలో అచ్చువేయుదుము గాక. తీసికొన్నవారి పేర్లు మాత్రము ఆ ముగ్గురి పుస్తకము దాటి రాకూడదు. గుట్టు నిలుచునను నమ్మకమున్నగాని పరువుగలవాడు వచ్చి యడుగడు. ఈ యేడు సమకూడిన విరాళములను సత్రమునకు పై అంతస్తు కట్టుటకు వాడవలెనను ఆలోచన యున్నదని వింటిమి. అంతస్తు వచ్చు ఏడైనను కట్టవచ్చును. నిధిని ముందు నిలుపుడని దాతలను వేడుచున్నాము.

తుదకు ఒక మాట. నిదుర లేక, తిండి సయింపక, బ్రదుకుట యెందులకను తలంపు వచ్చువారు మన మధ్యనే యుండవచ్చును. అది పిరికితనము కాదు. వైద్యము గల బాధ. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీమానస్ అను సేవకు 14416 అను నెంబరున రాత్రింబగళ్లు ఉచితముగా ఫోనుచేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ నెంబరును ప్రతి గ్రామశాఖ గోడమీదను వ్రాయింపుడు. సభ ముగిసి యిండ్లకు పోవునప్పుడు, చాల దినములుగా కనబడని బంధువొకనిని తలచుకొని, ఊరకే పలుకరింపుడు. కొలువు సంగతి వాడే చెప్పును.

ఈ సూచనలను మహాసభవారు ఆలోచించి ఆచరణమునకు దెత్తురు గాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.