విశ్వవిద్యాలయాల పద్దు: సరిహద్దు తెలుగువారు అడగవలసినది
(ప్రసంగ పాఠం)



రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వ నిధుల కోసం శాసనసభ్యులను ఎప్పుడు కలవాలో, ఏమని అడగాలో చెప్పమని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. ఈ విషయం ఆహ్వానపత్రంలో చూడగానే మీలో చాలామందికి ఒక సందేహం కలిగి ఉంటుంది. ఊరి బడిలో తెలుగు పంతులు లేక పిల్లలు అల్లాడుతుంటే విశ్వవిద్యాలయాల గొడవ మనకెందుకు అని. న్యాయమైన సందేహమే. ముందు దానికి సమాధానం చెప్పుకొందాం.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ఈ సభలో చాలామందికి కంఠస్థం. 1956లో ఏడవ సవరణ ద్వారా అది వచ్చింది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతుంది. సౌకర్యమంటే గదీ నల్లబల్లా మాత్రమే కాదు, పంతులు. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పాలంటే తెలుగు ప్రధానాంశంగా పట్టా పొంది, ఆపైన బి.ఇడి. చేసినవారు కావాలి. ఆ పట్టా చదువు చెప్పేది కళాశాల అధ్యాపకుడు. ఆ అధ్యాపకుడు ఎం.ఎ., పిహెచ్.డి. చేయవలసింది విశ్వవిద్యాలయంలో. చెరువులో నీళ్ళు లేనప్పుడు కాలువల్లో పూడిక ఎంత తీసినా పొలం తడవదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. 350ఎ ప్రాథమిక దశతోనే ఆగిపోతుంది. ఉన్నత విద్య దగ్గరకు వచ్చేసరికి, ఫలానా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుని నియమించి తీరాలని ఆజ్ఞాపించే అధికరణం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అంటే నా వంటి న్యాయవాది నల్లకోటు వేసుకొని న్యాయస్థానానికి వెళితే అక్కడ పట్టుకోవడానికి ఆధారం తక్కువ. కనుక ఈ విషయంలో తట్టవలసిన తలుపు శాసనసభ్యునిదే.

ఇక విశ్వవిద్యాలయాలలో తెలుగు శాఖలు ఎలా కనుమరుగవుతాయో చూడండి. మూసివేత ఉత్తర్వు ఉంటే మేము సవాలు చేయగలం. అటువంటి ఉత్తర్వు సాధారణంగా రాదు. ఒక ఆచార్యుడు పదవీ విరమణ చేస్తాడు. ఆ పోస్టు నింపరు. రెండవవారు వెళతారు, అదీ నింపరు. గంటకు ఇంత అని అతిథి అధ్యాపకుడిని పెడతారు. పరిశోధనకు మార్గదర్శి లేడు గనుక పిహెచ్.డి. ప్రవేశాలు ఆగుతాయి. భవిష్యత్తు కనబడని చోట ఎం.ఎ.లో ఎవరు చేరతారు? చివరకు “విద్యార్థులు లేరు” అనే వాక్యం దస్త్రంలోకి ఎక్కుతుంది. పేరు చెప్పడం నాకు ఇష్టం లేని ఒక విశ్వవిద్యాలయానికి ఇదే విషయమై వెళ్ళినప్పుడు అక్కడి అధికారి నాతో ఎంతో మర్యాదగా, మీ శాఖను మేము మూయలేదండీ అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. తలుపు తెరిచే ఉంది, లోపల పాఠం చెప్పేవారు లేరు, అంతే.

ఇది భాషాద్వేషం వల్లనే జరుగుతోందని మన సభలలో తరచుగా అంటుంటాం. కొన్నిచోట్ల అదీ ఉండవచ్చు. కాని అదే విశ్వవిద్యాలయంలో చరిత్ర శాఖకు వెళ్ళి చూడండి, తత్వశాస్త్ర శాఖకు వెళ్ళి చూడండి. అక్కడా ఇదే దృశ్యం కనిపిస్తుంది. రోగం డబ్బుది. బలహీనుని ఒంట్లో అది ముందుగా బయటపడుతుంది.

ఆ డబ్బు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. విశ్వవిద్యాలయాలను నెలకొల్పే అధికారం రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితా 32వ అంశం కింద రాష్ట్ర శాసనసభలదే. అధ్యాపకుల జీతాలకూ, పింఛన్లకూ ప్రధానమైన ఆధారం రాష్ట్ర ప్రభుత్వపు గ్రాంటు. మీ రాష్ట్రం ఏదైనా సరే, బడ్జెట్ గ్రంథంలో 2202 అనే పద్దు తీయండి, అది సాధారణ విద్య. అందులో 03 విశ్వవిద్యాలయ, ఉన్నత విద్య. దాని కింద 102 అన్నది విశ్వవిద్యాలయాలకు సహాయం. చెన్నైలోనైనా, బెంగళూరులోనైనా, భువనేశ్వరంలోనైనా ఈ అంకెలు ఇవే. మన పిల్లల తెలుగు చదువు ఆ వరుసలో ఎక్కడో ఇమిడి ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం పంచవర్ష ప్రణాళికల కాలంలో ఇచ్చిన పోస్టులను గడువు తీరాక రాష్ట్రమే భరించాలి. ఏడవ వేతన సవరణ వల్ల పెరిగిన భారంలో సగం కేంద్రం ఇస్తానన్నది 2019 మార్చి ఆఖరు వరకే. ఆ తరువాతి బరువంతా రాష్ట్రాల నెత్తిన పడింది. రాష్ట్రాలు దానిని విశ్వవిద్యాలయాల నెత్తికి దించాయి.

మద్రాసు విశ్వవిద్యాలయం ఉదాహరణ మనకు అతి దగ్గరది. 1857 నాటి సంస్థ అది. 1927లో మొదలైన అక్కడి తెలుగు శాఖలో కోరాడ రామకృష్ణయ్య, నిడదవోలు వెంకటరావు వంటి పండితులు పనిచేశారు. అటువంటి విశ్వవిద్యాలయపు బ్యాంకు ఖాతాలను 2024 ఫిబ్రవరిలో ఆదాయపు పన్ను శాఖ స్తంభింపజేసింది. బాకీ 400 కోట్ల రూపాయలకు పైమాట. విశ్వవిద్యాలయానికి పన్ను ఎందుకు అని మీరు ఆశ్చర్యపోవచ్చు. మొత్తం రాబడిలో సగానికి మించి ప్రభుత్వ గ్రాంటు ఉంటేనే అటువంటి సంస్థను గణనీయంగా ప్రభుత్వ నిధులతో నడిచేదిగా లెక్కించి పన్ను మినహాయిస్తారు. గ్రాంటు సగం కంటే తగ్గడంతో ఆ రక్షణ పోయింది. ప్రభుత్వం తక్కువ ఇచ్చినందుకు విశ్వవిద్యాలయం ఎక్కువ కట్టవలసి వచ్చింది! జీతాలకే తడుముకొనే స్థితిలో ఉన్న ఉపకులపతి దగ్గరకు మనం శాలువాతో వెళ్ళి తెలుగు శాఖలో రెండు పోస్టులు నింపమంటే ఆయన ఏం చేయగలరు?

అందువల్ల మీకు నేను చేసే మనవి ఒక్కటే. శాసనసభ్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు తెలుగు శాఖ ఒక్కదాని కోసం అడగకండి. విశ్వవిద్యాలయం మొత్తానికి గ్రాంటు పెంచమనీ, ఖాళీలన్నీ నింపమనీ అడగండి. వాటిలో తెలుగు ఖాళీలు ఇన్ని అని చేర్చండి. మనం మాత్రమే వెళితే అది కొద్దిమంది గొడవ. తమిళ శాఖ పరిశోధకులు, గణితం పాఠం లేక అవస్థపడుతున్న విద్యార్థుల తల్లిదండ్రులు, జీతం అందని అతిథి అధ్యాపకులు మనతో కలిసి వస్తే అది జిల్లా సమస్య. పక్కింటి తమిళ సోదరునికీ, కన్నడ సోదరునికీ ఈ విషయంలో మనతో పేచీ లేదు.

ఇది కొత్త దారి కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో వెలిసింది. దాని బిల్లును అంతకు ముందటి సంవత్సరం మద్రాసు శాసనమండలిలో ప్రవేశపెట్టి నెగ్గించిన విద్యామంత్రి అన్నెపు పరశురామదాస్ పాత్రో బరంపురంవారు. ఆ బరంపురం ఈనాడు ఒడిశాలో ఉంది. ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల విరాళమిచ్చిన విక్రమదేవ వర్మ జయపురం మహారాజు. ఆ జయపురమూ ఈనాడు ఒడిశాలోనే ఉంది. సరిహద్దుకు ఆవల మిగిలిన నేలవారే తెలుగువారి తొలి విశ్వవిద్యాలయాలలో ఒకదానికి చట్టమూ, ధనమూ సమకూర్చారు. 2023లో జయపురంలో ఆయన పేరిట ఉన్న కళాశాల విశ్వవిద్యాలయమైంది. కొత్త విశ్వవిద్యాలయంలో శాఖలు, పోస్టులు రూపుదిద్దుకొనే తొలి సంవత్సరాలే అడగడానికి అదను. కొరాపుట్, రాయగడ జిల్లాల మిత్రులు దీనిని చేజార్చుకోకూడదు.

ఇక ఎప్పుడు వెళ్ళాలి? మనవాళ్ళు సాధారణంగా బడ్జెట్ ప్రవేశపెట్టాక, పత్రికలో చూసి, అప్పుడు బయలుదేరతారు. బంతి లేచాక విస్తరి పట్టుకొని వెళ్ళినట్లు ఉంటుంది. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం గ్రాంటు అభ్యర్థనకు శాసనసభ ఒప్పుకోవచ్చు, నిరాకరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచే అధికారం దానికి లేదు. మీ శాసనసభ్యుడు ఎంత మంచివాడైనా మార్చి నెలలో ఒక్క రూపాయి కలపలేడు. అంకెలు ఖరారయ్యేది అంతకు ముందే, ఉన్నత విద్యాశాఖకూ ఆర్థిక శాఖకూ మధ్య నడిచే దస్త్రాలలో. దసరాకూ సంక్రాంతికీ మధ్య కాలంలో మీరు వెళ్ళాలి. శాసనసభ్యుడు మంత్రికి లేఖ రాయవలసినది అప్పుడే. ఆ లేఖ నకలు మీరు తీసుకోవాలి.

మార్చిలో ఆయన చేయగలిగిన పని మరొకటి ఉంది. ఉన్నత విద్య పద్దు చర్చకు వచ్చిన రోజు మాట్లాడవచ్చు. ప్రతిపక్ష సభ్యుడైతే నూరు రూపాయల కోత తీర్మానం ఇవ్వవచ్చు. అది నిజంగా నూరు రూపాయలు తగ్గించడానికి కాదు, ఫలానా సమస్యను సభ దృష్టికి తేవడానికి ఉన్న పద్ధతి. ప్రశ్నోత్తరాల సమయంలో ఖాళీల సంఖ్య అడగవచ్చు. మంత్రి సభలో చెప్పిన అంకె రికార్డుకెక్కుతుంది. తరువాత మా వంటివారికి అది పనికివస్తుంది.

నియోజకవర్గ అభివృద్ధి నిధి నుండి తెలుగు శాఖకు ఏదైనా ఇస్తానని శాసనసభ్యుడు అంటే సంతోషించి వెనుదిరగకండి. ఆ నిధి కట్టడాల వంటి పనులకు, జీతాలకు కాదు. గది వస్తుంది, గురువు రాడు.

వినతిపత్రం ఒక్క పుట మించకూడదు. రాయలవారి పద్యమూ, ప్రాచీన భాషా హోదా వచ్చిన కథా అందులో అక్కరలేదు. ఆ హోదా 2008లో కేంద్రం ఇచ్చినది, మీ శాసనసభ్యుని చేతిలోది కాదు. మూడు అంకెలు చాలు: మంజూరైన పోస్టులు, నిండినవి, ఖాళీలు. నియోజకవర్గంలో తెలుగు పంతులు లేని బడుల పేర్లు కింద రాయండి. ఆ జాబితా చూడగానే ఆయనకు ఓటర్లు కనబడతారు. అందులో సిగ్గుపడవలసినది లేదు, ప్రజాస్వామ్యంలో విన్నపానికి కాళ్ళు అవే.

ఆ అంకెలు రాబట్టడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. రాష్ట్ర చట్టంతో ఏర్పడిన ప్రతి విశ్వవిద్యాలయమూ దాని పరిధిలోకి వస్తుంది. ముప్పై రోజులలో జవాబివ్వాలి. ఒక మెలిక గమనించండి. ఆ దరఖాస్తు ఇంగ్లీషులోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికార భాషలోగాని ఉండాలి. అంటే ఇక్కడ తెలుగులో పంపితే తిరిగి వచ్చే ప్రమాదం ఉంది. కాని మీ బాధ చెప్పుకొనే వినతిపత్రం సంగతి వేరు. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా దానిని ఇచ్చే హక్కు 350వ అధికరణం మీకిచ్చింది. కనుక వినతిపత్రం తెలుగులో ఇవ్వండి, దానికి తమిళ ప్రతిని జతచేయండి. ఒకటి హక్కు కోసం, రెండవది చదవడం కోసం.

సభలో తెలుగు వినిపించడం అసాధ్యమని కూడా అనుకోకండి. అధికార భాషలో తన భావాన్ని చక్కగా చెప్పలేని సభ్యునికి మాతృభాషలో మాట్లాడే అనుమతి సభాపతి ఇవ్వవచ్చునని 210వ అధికరణం చెబుతోంది. హోసూరుకు శాసనసభ్యులుగా పనిచేసిన కె. గోపీనాథ్ గారు 2024లో కృష్ణగిరి పార్లమెంటు సభ్యులుగా తెలుగులోనే ప్రమాణం చేశారు.

ఇతర ప్రాంతాలవారికి క్లుప్తంగా రెండు మాటలు. గంగావతి, కారటగి క్యాంపుల నుండి వచ్చినవారికి కొప్పళ విశ్వవిద్యాలయం సంగతి తెలిసే ఉంటుంది. కర్ణాటకలో కొత్తగా పెట్టిన పది విశ్వవిద్యాలయాలలో తొమ్మిదింటిని మూయాలని 2025 ఫిబ్రవరిలో మంత్రివర్గ ఉపసంఘం తేల్చినప్పుడు కారణంగా చెప్పినది నిధుల కొరతే. ఆ తొమ్మిదింటిలో కొప్పళ ఒకటి. పేరు పెట్టి, పద్దు పెట్టకపోతే ఇంతే. సోలాపురంవారికి 2004 నుండి ఒక్క జిల్లా కోసమే ఏర్పడిన విశ్వవిద్యాలయం ఉంది. జిల్లా శాసనసభ్యులందరి మీదా ఒకేసారి ఒత్తిడి తేగల సౌలభ్యం వారికి ఉంది. యానాం పరిస్థితి వేరు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయం కేంద్రానిది, అక్కడ పార్లమెంటు సభ్యుని కలవాలి. యానాం శాసనసభ్యుడు చేయగలిగింది స్థానిక ప్రభుత్వ కళాశాలలో పోస్టుల విషయం.

మన పక్కనే కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టంతో, పొరుగు దక్షిణాది రాష్ట్రాల సహకారంతో ఏర్పడింది. దానికి మనం ఓటర్లం కాము, పిల్లలను పంపేవాళ్ళం మాత్రమే. దానిని నెలకొల్పిన నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారే కుప్పం శాసనసభ్యులు, 2024 జూన్ నుండి మళ్ళీ ముఖ్యమంత్రి కూడా. సరిహద్దుకు ఇవతలి విద్యార్థుల కోసం ప్రత్యేక పద్దు కావాలని ఆయనకు రాయవలసిన లేఖ ముసాయిదా నేను సిద్ధం చేశాను.

సమాచార హక్కు దరఖాస్తు నమూనాలు ఇంగ్లీషు, తమిళం, కన్నడంలో, వినతిపత్రం నమూనా తెలుగులో, బయట బల్ల మీద ఉంచాం. నియోజకవర్గానికి ఇద్దరు చొప్పున ఈ సాయంత్రమే పేర్లు ఇవ్వండి. దరఖాస్తులు ఈ వారంలో పంపితే జవాబులు నెల తిరిగేసరికి మన చేతికి రావాలి. రాకపోతే మొదటి అప్పీలు నేను ఉచితంగా రాసిపెడతాను.