సరిచూచుట: ఒక స్వతంత్ర కంప్యూటరు సలహాదారుని అనుభవాలు
(ప్లాటినం జూబిలీ సభలో పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బది ఐదు వసంతాలు పూర్తి చేసుకొన్న మన పాఠశాలలో మాట్లాడే అవకాశం కలగడం నా భాగ్యం. "నీ వృత్తి ఏమిటో పిల్లలకు బోధపడేటట్లు చెప్పు" అని ప్రధానోపాధ్యాయులు ఆదేశించారు. నేను కంప్యూటరు వ్యవస్థలకు, అందునా 'వర్చువలైజేషన్' అనే విద్యకు, స్వతంత్ర సలహాదారుణ్ణి. నెల జీతం లేదు. పైన అధికారి లేడు. తప్పు జరిగితే నెపం మోపడానికి మరొకడూ లేడు.

మగ్గాన్ని నమ్ముకొని తెలంగాణ నుండి షోలాపూరు చేరిన కుటుంబాలలో మాది ఒకటి. మా నాయనగారు జకార్డు మగ్గంపై చద్దర్లు నేసేవారు. మగ్గం మీద చిల్లుల అట్టల దండ తిరుగుతుండేది. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేచేది. లేనిచోట లేచేది కాదు. పువ్వు ఎక్కడ విరియాలో ఆ అట్టయే నిర్ణయించేది. 1804లో ఫ్రాన్సు దేశీయుడు జకార్డు రూపొందించిన మగ్గపు అట్టలనే, 1830ల దశకంలో ఛార్లెస్ బాబేజి తాను తలపెట్టిన గణన యంత్రానికి స్వీకరించాడు. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను హాలరిత్ చిల్లుల అట్టలతోనే యంత్రంపై గణించాడు. కనుక కంప్యూటరు మన నేతవాడకు పరాయిది కాదు.

ఇక వర్చువలైజేషన్ సంగతి. ఒక సంస్థలో లెక్కలకు ఒక సర్వరు, జీతాలకు ఒకటి, ఉత్తరాలకు మరొకటి ఉండేవి. ఒక్కొక్కటి తన శక్తిలో కొద్దిపాటి మాత్రమే వినియోగించుకొని, తక్కిన వేళ ఊరక విద్యుత్తును తినేది. మన చాళ్ళలో ఒకే పెద్ద ఇంటిని వాటాలు చేసి నాలుగు కుటుంబాలు కాపురముండటం మీ రెరుగుదురు. ఎవరి తలుపు వారిది, ఎవరి పొయ్యి వారిది. పునాది మాత్రం ఒకటే. అదే విధంగా ఒక పెద్ద యంత్రంలో అనేక యంత్రాలు ఉన్నట్లుగా నడపడమే వర్చువలైజేషన్. వాటాలు పంచి, ఒకరి జోలికి మరొకరు పోకుండా చూచే ప్రోగ్రామును హైపర్‌వైజర్ అంటారు. ఐ.బి.ఎం. పెద్ద కంప్యూటర్లకు 1972లోనే ఈ సౌకర్యం విడుదలైంది. 1999లో వి.ఎం.వేర్ సంస్థ దీనిని సామాన్య కంప్యూటర్లకు తెచ్చింది. 2007 నుండి లినక్స్‌లోనే కె.వి.ఎం. అనే ఏర్పాటు ఉన్నది.

అయితే పునాది కుంగితే నాలుగు వాటాలూ కూలుతాయి. ఈ సత్యం నేను పుస్తకంలో నేర్వలేదు. 2011లో ఒక వస్త్ర వ్యాపార సంస్థవారి ఆరు సర్వర్లను ఒకే యంత్రంలోకి చేర్చాను. యజమాని సంతోషించారు, నేను గర్వించాను. నకలు తీసే ప్రోగ్రాము ప్రతి రాత్రీ 'విజయవంతం' అని తెరపై వ్రాసేది, నేను నమ్మాను. వానకాలంలో ఒకనాటి రాత్రి విద్యుత్తు ఒడుదుడుకులకు డిస్కులు పాడైనాయి. నకలు తెరచి చూస్తే పదకొండు రోజుల లెక్కలు అందులో లేవు.

తప్పు యంత్రానిది అనవచ్చును, విద్యుత్తుది అనవచ్చును. నాలుక చివరి దాకా వచ్చిన ఆ మాటను దిగమ్రింగి, "నకలును ఒక్కసారియైనా తెరచి చూడక పోవడం నా లోపం" అని యజమానితో చెప్పాను. గుమాస్తాలతో కలసి నాలుగు రాత్రులు కాగితపు బిల్లులు చూచి లెక్కలు తిరిగి ఎక్కించాను. ఆ పనికి రుసుము పుచ్చుకోలేదు. వారు నన్ను మానలేదు.

ఆ నాలుగు రాత్రులూ మన లెక్కల మాస్టారే మదిలో మెదిలారు. లెక్క చేసి జవాబు వ్రాసినంత మాత్రాన వారు పూర్తి మార్కులు ఇచ్చేవారు కాదు. క్రింద 'సరిచూచుట' అని వ్రాసి, వచ్చిన విలువను సమీకరణంలో మరల ప్రతిక్షేపించి చూపవలసిందే. ఆనాడు అది మాకు చాదస్తంగా తోచింది. నేడు నా వృత్తి యావత్తూ ఆ ఒక్క మాటపై నిలిచి ఉన్నది. ఇప్పుడు ప్రతి మూడు నెలలకు, యజమాని ఎదుటనే, నకలును వేరొక యంత్రంపై తెరచి నడిపి చూపుతాను. సమాచారానికి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, ఒకటి వేరొక చోట ఉండాలన్నది మా వృత్తిలో నియమం. తెరచి చూడని నకలు లేనిదానితో సమానమన్నది నా అనుభవం.

స్వతంత్రతకు మరొక ముఖం ఉన్నది. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ వి.ఎం.వేర్‌ను కొన్న పిదప, శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగి చందా పద్ధతి వచ్చింది. "ఉండాలా, మారాలా?" అని చిన్న సంస్థలవారు అడుగుతారు. అమ్మేవారి వద్ద నేను కమీషను పుచ్చుకోను గనుక రెండు వైపుల ఖర్చూ, కష్టమూ వ్రాసి చూపగలను. కొందరికి "మీకు క్రొత్తదేదీ అక్కరలేదు" అని చెప్పి రావడమూ కలదు. ఆ రోజున సంపాదన తక్కువ. నిద్ర మాత్రం బాగుగా పడుతుంది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డ ఈ రంగంలో నిలువగలడా అని మీరు శంకించడం సహజం. కళాశాలలో తొలి ఏడాది ఆంగ్ల పాఠాలు బోధపడక నేను కన్నీరు పెట్టుకొన్న మాట దాచను. ఆంగ్లం శ్రద్ధగా నేర్పించండి, అది అవసరం. కాని పరభాష కొన్నాళ్ళకు పట్టుబడుతుంది. విషయాన్ని మూలం నుండి గ్రహించి, తెలియనివారికి విడమరచి చెప్పే నేర్పు మాత్రం నాకు ఈ గదులలోనే, అమ్మ భాషలోనే అబ్బింది. యజమానులు నాకు రుసుము ఇచ్చేది సగం ఆ నేర్పుకే.

విద్యార్థులారా! జవాబు వచ్చిందని కలం మూయకండి. క్రింద ఇంకొక పంక్తి మిగిలి ఉన్నది. దానిని ఎవరూ అడుగకున్నా వ్రాయండి.

ఈ పాఠశాల శతవర్షోత్సవం జరుపుకోవాలని, ఆ వేదికపై మీలో ఒకరు మాట్లాడాలని ఆకాంక్షిస్తూ సెలవు తీసుకొంటున్నాను.